బ్యాటరీ గుమ్మం పక్కన పెట్టకు

చి. చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నావని వదిన చెప్పింది, సంతోషం. బ్యాటరీ ఊడదీసి రాత్రిళ్లు గుమ్మం పక్కన చార్జింగ్ పెడుతున్నావని కూడా చెప్పింది. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. మీ ఇంటికి ఉన్నది ఒక్కటే గుమ్మం. అక్కడే మంట లేస్తే వదినని, పాపని ఎటునుంచి బయటికి తెస్తావు?

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకాయన, నిజామాబాద్‌లో ఒక పెద్దాయన, ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైకెక్కిన పొగకి 8 మంది పోయారు.

ముప్పై ఏళ్లు యాసిడ్ బ్యాటరీలతో బతికినవాణ్ణి. నీ స్కూటర్‌లో ఉండే లిథియం బ్యాటరీ సంగతి నాకు ఒక డ్రిల్లింగ్ మెషిన్ బ్యాటరీ నేర్పింది. కిందపడి మూల నొక్కుకుపోయినదాన్నే చార్జింగ్ పెట్టాను. కాసేపటికి సుయ్‌మని శబ్దం, తియ్యటి ఘాటు వాసన, తెల్లటి పొగ. ప్లగ్ పీకేలోపే మంట. బ్యాటరీ లోపల పక్కపక్కనే చిన్న చిన్న సెల్స్ ఉంటాయి, వాటిలో ఒకటి కాగితే ఆ వేడికి పక్కది అంటుకుంటుంది, దాని వేడికి ఇంకోటి. ఇసుక పోస్తే ఆరినట్టే ఆరి మళ్లీ లేచింది. ప్లగ్ తీసేసి, బక్కెట్ల కొద్దీ నీళ్లు పోసి చల్లారిస్తేగానీ ఆగలేదు.

అందుకే చార్జింగ్ కింద పార్కింగ్‌లోనే పెట్టు, అదీ మెట్లకి దూరంగా, గాలి ఆడే చోట. ఎర్తింగ్, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపే స్విచ్) ఉన్న విడి పాయింట్ కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. బండి నడిపి రాగానే పెట్టకు, అరగంట చల్లారనివ్వు. మెలకువగా ఉన్నప్పుడు పెట్టి, నిండగానే తీసెయ్. చార్జర్ మాత్రం కంపెనీదే వాడు. సెల్ నిండాక ఆపాల్సిన చోట చవక చార్జర్ ఆపకపోతే అక్కడే మొదలవుతుంది ముప్పు. బ్యాటరీ ఉబ్బినా, కిందపడినా, వాననీళ్లలో మునిగినా చార్జింగ్ పెట్టకుండా నేరుగా షోరూంకి తీసుకెళ్లు.

పొగ కనిపిస్తే బండి గురించి ఆలోచించకు. అందరినీ బయటికి తెచ్చి, తలుపు మూసి, 101కి ఫోన్ చెయ్. ఆ పొగ విషం, ఒక్క గుక్క కూడా పీల్చొద్దు.

ఆదివారం వస్తున్నాను. ఓనర్‌గారితో మాట్లాడి కింద పాయింట్ నేనే వేయించి వెళ్తాను. అప్పటిదాకా మీ ఆఫీసులోనే చార్జింగ్ పెట్టుకో. ఈ రాత్రికి మాత్రం బ్యాటరీ ఇంట్లోకి తేకు.

నీ బాబాయి