పేరు బాగాలేని ఇంటర్నేషనల్ స్కూల్లో ఉద్యోగం: వెళ్ళడమా, మానడమా?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. ఎం.ఎస్‌సీ. ఫిజిక్స్, బీఈడీ చేసి గుంటూరులో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. జీతం 42 వేలు. దుబాయ్‌లో భారతీయ సిలబస్ నడిపే ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో హైస్కూలు తరగతులకు ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. అన్నీ కలిపి నెలకు 4,500 దిర్హాములు, అంటే మన డబ్బులో లక్షకు కాస్త పైన ఇస్తారట. మరో ఇద్దరు టీచర్లతో కలిసి ఉండడానికి ఫ్లాటు చూపిస్తారట. అయితే ఇంటర్నెట్‌లో వెతికితే ఆ స్కూల్లో జీతాలు ఆలస్యమవుతాయనీ, ఏడాది మధ్యలోనే టీచర్లు మానేసి వెళ్ళిపోతుంటారనీ రాశారు. ప్రభుత్వ తనిఖీలో కూడా ‘యాక్సెప్టబుల్’ అనే వచ్చింది. కన్సల్టెన్సీవారు లక్షన్నర కట్టమంటున్నారు, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచమంటున్నారు, వర్క్ పర్మిట్ ఆలస్యమవుతుంది కాబట్టి ముందు విజిట్ వీసా మీద వెళ్ళి చేరిపొమ్మంటున్నారు. వారం లోపల చెప్పాలట. మావారు వెళ్ళమంటున్నారు, మా అక్క వద్దంటోంది. మా అబ్బాయి ఆరో తరగతి చదువుతున్నాడు. ఏం చేయమంటారు?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు అడిగింది స్కూలు పేరు గురించే అయినా, ఉత్తరం చదివాక నాకు ఎక్కువ భయం వేసింది కన్సల్టెన్సీ పెట్టిన షరతులను చూసి. కాబట్టి ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఆ లక్షన్నర, ఆ ఒరిజినల్స్, ఆ విజిట్ వీసా అలాగే ఉన్నంతవరకు మీరు ఒప్పుకోవద్దు. ఆ మూడూ తొలగిపోతే అప్పుడు స్కూలు సంగతి ఆలోచించవచ్చు, అప్పటికి జవాబు ‘సరే’ కావడానికి కూడా అవకాశం ఉంది.

మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదై ఉండాలి. అభ్యర్థి దగ్గర 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు. ఇక ఎమిరేట్స్ కార్మిక చట్టం ఇంకా ముందుకు వెళ్ళి, ఉద్యోగిని తెచ్చుకోవడానికయ్యే ఖర్చును ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఆ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని యజమానికి నిషేధం పెట్టింది. అందువల్ల ఆ లక్షన్నర ఎవరి జేబులోకి పోతున్నదో స్కూలును నేరుగా ఒక ఈమెయిల్ రాసి అడగండి, అడిగినట్టు కన్సల్టెన్సీకి చెప్పనవసరం లేదు. స్కూలుకు ఆ సంగతి తెలియకపోతే మీకు ఏజెంటు గురించి తెలుస్తుంది, తెలిసీ ఊరుకుంటే స్కూలు గురించి తెలుస్తుంది. ఏజెంటు నమోదు సంఖ్య మన విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఒకటి మాత్రం చాలామంది చదువుకున్నవారికి తట్టదు. పదో తరగతి దాటినవారికి గల్ఫ్ వెళ్ళేందుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి దేశం దాటేముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అక్కరలేదు. దాన్ని మనం ఒక సౌకర్యంగానే చూస్తాం గానీ, తాపీ పనికి వెళ్ళే మనిషి ఒప్పందాన్ని చూసే అధికారి మీ ఒప్పందాన్ని చూడడని కూడా దానర్థం. మీ కాగితాలను మీరే చదువుకోవాలి.

విజిట్ వీసా మీద పాఠం చెప్పడం అక్కడ నేరం. వర్క్ పర్మిట్ లేకుండా పని చేయించుకున్న యజమానికి 2024 సవరణ ప్రకారం లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా జరిమానా పడుతుంది, అలాగని మీరు క్షేమంగా ఉంటారని కాదు. అన్నాళ్ళూ చేసిన పనికి జీతం ఎగ్గొడితే మీ దగ్గర చూపడానికి ఒప్పందమే ఉండదు. పైగా దుబాయ్ ప్రైవేటు స్కూళ్ళలో ఉపాధ్యాయ నియామకాలకు అక్కడి ప్రైవేటు స్కూళ్ళను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ ఆమోదం కావాలి. ‘అందరూ ఇలాగే వస్తారు’ అని చెప్పే కన్సల్టెన్సీకి నిజంగానే అందరినీ అలాగే పంపే అలవాటు ఉండవచ్చు. అది మీరు వెళ్ళడానికి కారణం కాకూడదు.

ఒరిజినల్స్ సంగతి కొంచెం వేరు. మన కార్పొరేట్ కాలేజీలలో లెక్చరర్ల ఒరిజినల్స్ బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం ఎంత మామూలైపోయిందంటే, అడిగితే ఇచ్చేయడం మనకు తప్పనిపించడం లేదు. అటెస్టేషన్ కోసం డిగ్రీ పట్టాను మన రాష్ట్ర విద్యాశాఖకు, విదేశాంగ శాఖకు, ఎమిరేట్స్ రాయబార కార్యాలయానికి పంపక తప్పదు నిజమే. పంపండి, రసీదు తీసుకోండి, పని ముగిసిన వెంటనే మీ చేతికే తెప్పించుకోండి. పాస్‌పోర్టు కూడా అంతే. దాన్ని యజమాని తన దగ్గర ఉంచుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు.

ఇక స్కూలు పేరు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, కానీ ఆ పొగ ఎవరి ఇంట్లోంచి వస్తున్నదో చూడాలి. ఫీజులు పెంచారనీ, బస్సు ఆలస్యంగా వస్తుందనీ, పరీక్షల్లో మార్కులు తగ్గాయనీ తల్లిదండ్రులు తిట్టుకునే స్కూల్లో టీచర్లు హాయిగా ఉండవచ్చు. తల్లిదండ్రులు మెచ్చుకునే స్కూల్లో టీచర్లు రాత్రి పదింటికి లెసన్ ప్లాన్లు అప్‌లోడ్ చేస్తూ ఉండవచ్చు. మీకు పనికివచ్చేది సిబ్బంది చేసిన ఫిర్యాదు, అందులోనూ తేదీలతో ఉన్నది. 2019లో ఒకరు, 2022లో ఇంకొకరు, నిరుడు మరొకరు వేర్వేరు సబ్జెక్టులవారు ఒకే మాట, అంటే జీతం ఇరవయ్యో తేదీ దాటాక వచ్చిందనో, గ్రాట్యుటీ ఇవ్వలేదనో రాసి ఉంటే అది యాజమాన్యం స్వభావం. అన్నీ ఒకే ఆరు నెలల్లో రాసినవైతే, అప్పుడున్న ప్రిన్సిపల్ ఇప్పుడు ఉన్నారో లేరో కనుక్కోవాలి.

‘యాక్సెప్టబుల్’ అనే మాటకు మీరు బెదరనక్కరలేదు. దుబాయ్ తనిఖీలో ‘అవుట్‌స్టాండింగ్’ నుంచి ‘వెరీ వీక్’ దాకా ఆరు మెట్లున్నాయి. ‘యాక్సెప్టబుల్’ పై నుంచి నాలుగోది, కనీస ప్రమాణం అందుకున్నట్టు లెక్క. తక్కువ ఫీజుతో, నిండిన తరగతి గదులతో, మధ్యతరగతి ఉద్యోగుల పిల్లలకు చదువు చెప్పే స్కూళ్ళు ఆ మెట్టు దగ్గర ఆగిపోవడంలో వింతేమీ లేదు, అలాంటి చోట మంచి టీచరుకు చేతి నిండా పని ఉంటుంది. అయితే ఆ మెట్టు పేరు చూసి నివేదికను మూసేయకండి. కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో ప్రతి స్కూలు నివేదికా దొరుకుతుంది. కొన్నేళ్ళ కిందటి నివేదికల్లో స్కూలు వివరాల పేజీలో విద్యార్థుల సంఖ్య, టీచర్ల సంఖ్య పక్కనే ఏడాదిలో ఎంత శాతం టీచర్లు మారారో వేసేవారు. మీకు అన్నిటికన్నా అవసరమైన అంకె అదే. వరుసగా రెండు మూడు నివేదికల్లో ప్రతి మూడో టీచరూ మారుతున్నట్టు కనిపిస్తే ఇంటర్నెట్‌లో రాసినవారు అబద్ధం చెప్పలేదన్నమాట. చివర నాయకత్వం, నిర్వహణ గురించి రాసిన భాగాన్ని కూడా చదవండి. తనిఖీ ఏ సంవత్సరానిదో తప్పకుండా చూడండి, ఎందుకంటే ఈ మధ్య అక్కడ అన్ని స్కూళ్ళకూ ఏటా పూర్తి తనిఖీ జరగడం లేదు.

కాగితాల తరువాత మనుషులు. స్కూలు ఇచ్చిన ఫోన్ నంబర్లకు కాక, మీరుగా వెతికి పట్టుకున్న ఇద్దరితో మాట్లాడండి. ఒకరు ఇప్పుడు పనిచేస్తున్నవారు, ఒకరు మానేసినవారు అయితే మంచిది. గుంటూరు నుంచి, విజయవాడ నుంచి దుబాయ్ వెళ్ళిన టీచర్లు తక్కువేమీ కాదు, బంధువుల బంధువుల ద్వారా ఎవరో ఒకరు దొరుకుతారు. ‘స్కూలు ఎలా ఉంటుంది?’ అని అడిగితే ‘బాగానే ఉంటుంది’ అంటారు, పరాయివాళ్ళకు ఎవరైనా అంతే చెబుతారు. గత మూడు నెలల జీతం ఏ తేదీన బ్యాంకులో పడిందో అడగండి. వారానికి ఎన్ని పీరియడ్లు, సబ్‌స్టిట్యూషన్లు ఎన్ని, జూలై ఆగస్టు సెలవులకు జీతం ఇచ్చారా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా మీకంటే ముందు ఫిజిక్స్ చెప్పినవారు ఏ నెలలో మానేశారో అడగండి. భారతీయ సిలబస్ స్కూళ్ళు అక్కడ కూడా ఏప్రిల్‌లోనే మొదలవుతాయి, మార్చిలో మానేస్తే అది మామూలు మార్పు. పదో తరగతి బోర్డు పరీక్షల ముందు జనవరిలో వెళ్ళిపోయారంటే ఊరికే వెళ్ళి ఉండరు.

ఆఫర్ లెటర్‌లో ‘మొత్తం 4,500’ అనే అంకెకు మురిసిపోకుండా అందులో బేసిక్ ఎంతో చూడండి. గ్రాట్యుటీ లెక్క బేసిక్ మీదే కడతారు. మొదటి ఐదేళ్ళకూ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, అదీ కనీసం ఏడాది పూర్తిచేస్తేనే. బేసిక్ 2,000 అయితే రోజుకు దాదాపు 67 దిర్హాములు, ఏడాదికి 1,400 వస్తాయి. అదే 4,500లో బేసిక్ 3,600 అయితే ఏడాదికి 2,520. చేతికి వచ్చే నెల జీతం ఒకటే, వెళ్ళిపోయే రోజున వచ్చేది మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. ఇలాంటి చోట చేతివాటం చూపే యాజమాన్యం మిగతా చోట్ల ఉదారంగా ఉంటుందని నేను అనుకోను. ఆఫర్ లెటర్ అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖ నమూనాలో ఉండాలి, అక్కడ సంతకం చేసే ఒప్పందం దానికి భిన్నంగా ఉండకూడదు.

వెళ్ళాక నచ్చకపోతే ఎలా అన్నది మీరు అడగలేదు, కానీ పేరు బాగాలేని స్కూలు విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ సేపు ఆలోచించేది దాని గురించే. 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఆ కాలంలో మీరు దేశం విడిచి వచ్చేయాలనుకుంటే 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడే మరో స్కూలుకు మారాలనుకుంటే నెల ముందు చెప్పాలి, మిమ్మల్ని తెచ్చుకోవడానికి మొదటి స్కూలు పెట్టిన ఖర్చును రెండో స్కూలు భరించాలి. చెప్పకుండా విమానం ఎక్కేస్తే ఏడాదిపాటు వర్క్ పర్మిట్ రాదు. ప్రొబేషన్ దాటాక నోటీసు 30 నుంచి 90 రోజుల మధ్య ఒప్పందంలో రాసినంత. మధ్యలో మానేస్తే ఇన్ని వేల దిర్హాములు కట్టాలనే బాండు ఏదైనా ఉంటే సంతకానికి ముందే తీయించండి.

ఇవన్నీ చట్టం ఇచ్చే దారులు. మీ ఇంట్లో ఉండవలసిన దారి ఇంకొకటి ఉంది, అది తిరుగు టికెట్టుకూ మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చుకూ సరిపడా డబ్బు మీ పేరున బ్యాంకులో ఉండడం. ఆ డబ్బు ఉన్న టీచరు జీతం రెండు నెలలు రాకపోతే ఫిర్యాదు చేస్తుంది, లేని టీచరు మూడో నెల కోసం ఎదురుచూస్తుంది. ఏజెంటుకు ఇవ్వాలని లక్షన్నర అప్పు తెచ్చి వెళ్ళడం మీకు తగదని మొదట్లోనే అన్నది కూడా అందుకే. ఇప్పటి స్కూలు నుంచి సర్వీస్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ తీసుకోండి, గొడవపడి మాత్రం రాకండి. మీరు ఏడాదిలో తిరిగొస్తే మొదట తట్టవలసిన తలుపు అదే.

అబ్బాయి సంగతి మీ దంపతులు తేల్చుకోవలసినది. లెక్క మాత్రం చెబుతాను. కుటుంబానికి వీసా తెచ్చుకోవడానికి జీతం 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000 ఉండాలి కాబట్టి జీతం వరకు మీకు ఇబ్బంది లేదు. అయితే ముగ్గురు టీచర్లుండే ఫ్లాట్లోకి భర్తనూ కొడుకునూ తీసుకువెళ్ళలేరు. విడిగా అద్దెకు తీసుకుంటే, షార్జాలో ఉంటూ దుబాయ్‌కి రోజూ తిరిగినా సరే, ఆ జీతంలో పెద్ద భాగం అద్దెకే పోతుంది, ఏడాది అద్దెను కొన్ని చెక్కులుగా ముందే రాసివ్వమంటారు. మొదటి ఏడాది ఒక్కరే వెళ్ళాలనుకుంటే అది డబ్బు కోసం తీసుకున్న నిర్ణయమని ఇంట్లో అందరూ ఒప్పుకుని, నెలకు ఎంత మిగలాలో కాగితం మీద రాసుకోండి. ఆ స్కూల్లో సిబ్బంది పిల్లలకు ఫీజు రాయితీ ఎంతో కూడా ఇప్పుడే రాతలో తీసుకోండి, రెండో ఏడాదికి అవసరపడుతుంది.

వారం గడువు గురించి: నిజంగా ఫిజిక్స్ టీచరు కావలసిన స్కూలు పది రోజులు ఆగుతుంది. ఆగనంటే వదిలేయండి.

ప్రశ్న: నేను షార్జాలో ఇలాంటి స్కూల్లోనే ఎనిమిది నెలలు లెక్కలు చెప్పి, వేధింపులు భరించలేక నోటీసు ఇచ్చి వచ్చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకు వెళ్తున్నాను. ఆ స్కూలు పేరు బయోడేటాలో రాస్తే నష్టమా? రాయకుండా వదిలేయమని స్నేహితులు అంటున్నారు.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రాయండి. ఎనిమిది నెలల ఖాళీ కనిపిస్తే ప్రిన్సిపల్ అడిగే మొదటి ప్రశ్న దాని గురించే ఉంటుంది, పాస్‌పోర్టులో ముద్రలు ఎలాగూ ఉన్నాయి. ఎందుకు వచ్చేశారంటే ‘పని పరిస్థితులు ఒప్పందంలో ఉన్నట్టు లేవు, నోటీసు ఇచ్చి వచ్చాను’ అన్న ఒక్క వాక్యం చాలు. అక్కడి యాజమాన్యాన్ని ఏకరువు పెట్టి తిడితే, రేపు మమ్మల్నీ ఇలాగే అంటాడని ఎదుటివారు అనుకుంటారు. ఉద్యోగం ముగిసినప్పుడు ఉద్యోగి అడిగితే అనుభవ ధ్రువపత్రం డబ్బు తీసుకోకుండా ఇవ్వాలనీ, అందులో అతనికి హాని చేసే రాతలు ఉండకూడదనీ ఎమిరేట్స్ చట్టంలోనే ఉంది, కాబట్టి తీసుకోకుండా వచ్చి ఉంటే ఇప్పుడైనా ఈమెయిల్‌లో అడగండి. ఏడాది నిండలేదు కనుక గ్రాట్యుటీ రాదు. జీతం గానీ వాడుకోని సెలవుల డబ్బు గానీ బకాయి ఉంటే ఉద్యోగం ముగిసిన నాటి నుంచి రెండేళ్ళ లోపల అక్కడి మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేసుకోవచ్చు. మన విదేశాంగ శాఖ నడిపే ‘మదద్’ పోర్టల్‌లో కూడా నమోదు చేసి, ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్, నోటీసు ఇచ్చిన ఈమెయిల్ ప్రతులు జతచేయండి.