పల్నాటి కథను తెరకెక్కించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పల్నాటి యుద్ధం మీద నువ్వు పంపిన కథాసంగ్రహాన్ని శ్రద్ధగా చదివాను. గురజాల, మాచర్లల దాయాదిపోరును మళ్లీ సినిమాగా తీయాలన్న నీ తపన నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే నాగమ్మను మొదటి సన్నివేశం నుంచే కుట్రదారుగా చూపడం మానుకోవాలని గట్టిగా కోరుతున్నాను. 12వ శతాబ్దంలో ఒక స్త్రీ గురజాల ప్రభువు నలగామరాజుకు మంత్రిణి కావాలంటే ఎంత రాజనీతి తెలిసి ఉండాలో ఆలోచించు. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ధరించిన పాత్ర అది. మాచర్ల పక్షం నుంచి రాయబారిగా వచ్చిన అలరాజుకు విషం పెట్టించిందన్న నిందను దాచమని నేను అనడం లేదు. ఏ భయం ఆమెను అంతవరకు నడిపించిందో ప్రేక్షకుడికి తెలియాలని అంటున్నాను.

మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడిని కూడా దేవుణ్ణి చేయవద్దు. చాపకూటిలో అన్ని కులాలవారినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టి, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్న ఆ మనిషే, ఒక కోడిపందెం మీద తనవారందరి బతుకునూ ఒడ్డాడు.

నీ సంగ్రహంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది అనపోతు లేకపోవడం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి మిత్రుడైన ఆ బ్రాహ్మణుడు యుద్ధంలో చనిపోతే పాపం చుట్టుకుంటుందని బాలచంద్రుడి భార్య మాంచాల భయపడడం, బాలచంద్రుడు ఏదో నెపంతో అతణ్ణి వెనక్కి పంపడం, మోసం తెలుసుకున్న అనపోతు ప్రాణం విడవడం ఈ కథకు గుండెకాయ వంటివి. ఒకే చాప మీద కలిసి తిన్న స్నేహితులకు చావులో మాత్రం కులం అడ్డువచ్చింది. చాపకూడు ఎంతవరకు గెలిచిందో, ఎక్కడ ఆగిపోయిందో ఇంత సూటిగా చెప్పే ఘట్టం మరొకటి లేదు.

యుద్ధానికి నువ్వు సగం సినిమా కేటాయించావు. కారెంపూడిలో కార్తీక అమావాస్యతో మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు ముగిశాకే యుద్ధఘట్టమైన కళ్లిపాడు వస్తుంది. అంటే రాయబారానికే ఒక రోజంతా ఇస్తారు. ఈసారి అక్కడికి వెళ్లి పల్నాటి వీరగాథలు పాడే వీరవిద్యావంతుల గానం విను.

ముగింపులో విజయోత్సవం పెట్టకు. గెలిచిన బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగాముడికే వదిలి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడన్న ఐతిహ్యాన్ని అలాగే ఉంచు.

ముందుగా రాయబారం సన్నివేశాన్ని, నాగమ్మ మాటలతో సహా, పూర్తిగా రాసి పంపు.

దీవెనలతో,
నీ మేనమామ