పది రోజుల మౌనానికి వెళ్తానన్న బుజ్జికి

నెల్లూరు,
ఆదివారం రాత్రి

చి. బుజ్జికి, మీ అత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు నాగార్జునసాగర్‌లో విపశ్యన ధ్యానం కోర్సుకి వెళ్దామనుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పది రోజులు నోరు విప్పకూడదట, ఫోన్ వాళ్లకి ఇచ్చేయాలట, తెల్లవారుజామున 4కే గంట కొడతారట, రోజుకి 10 గంటల దాకా కూర్చోవాలట. మనింట్లో ఒక ఆడపిల్ల “నా మనసు బాగాలేదు, దాని సంగతి చూసుకోవాలి” అని సెలవు పెట్టడం నాకు తెలిసి ఇదే మొదలు. గర్వంగా అనిపించింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వదులు బట్టలు పెట్టుకో. ఆఫీసులో సెలవు ముందే ఖాయం చేసుకో. ఫారంలో ఆరోగ్యం గురించి అడుగుతారు. గుండెదడకి పోయినేడాది నుంచి మాత్రలు వాడుతున్న సంగతి అక్కడ దాచావంటే నేనూరుకోను. డాక్టర్ని అడక్కుండా ఆ మాత్రలు ఆపావని తెలిస్తే చెన్నైకొచ్చి మరీ తిడతాను.

ఇక నా భయం సంగతి. మీ నాయనమ్మ పోయినప్పుడు, 1997లో, మా స్కూల్లో ఒక టీచరు “గురువారం గురువారం మౌనవ్రతం పట్టండి, నాకు ఎంత హాయిగా ఉందో” అంది. ఆవిడ మొహం చూస్తే నిజమే అనిపించింది. వారానికి ఒక రోజు సరిపోదనుకుని నెల రోజులు సెలవు పెట్టి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాను. మీ మామయ్యకి ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు ఆయనకి ఏడుపొచ్చేది.

మాట ఆగింది గానీ లోపల మోత ఆగలేదే. అమ్మ పోయే ముందు రోజు ఫోన్ చేస్తే “పేపర్లు దిద్దుకుంటున్నా, తర్వాత చేస్తా” అని పెట్టేశాను. ఆ ఒక్క మాటే పొద్దున్నించి రాత్రి దాకా తిరిగేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తెగేదేమో, ఎవరినీ పలకరించనివ్వకుండా చేసుకున్నది నేనే. అన్నం సహించలేదు. ఇంకా గట్టిగా మౌనం పట్టాలేమో, తప్పు నాలోనే ఉందేమో అనుకున్నాను. అక్కడే మోసపోయాను బుజ్జీ. మందు పడకపోతే మందు మార్చుకోవాలి, మనల్ని మనం తిట్టుకోకూడదు. లెక్కల టీచర్ని, ఇంత చిన్న సంగతి తట్టలేదు.

నన్ను బయట పడేసింది మైపాడు నుంచి గంపతో వచ్చే చేపలామె. గడపలో కూర్చుని “ఏందమ్మా, మూగనోము పట్టావా? కిలో రొయ్యలు తీసుకో” అంది. బేరం ఆడాలంటే నోరు తెరవాలి కదా! తెరిచాను. ఆ కిలో రొయ్యలూ నేనే ఒలిచాను, తల తుంచి, పొట్టు తీసి, వీపు మీద నల్లటి నరం లాగి, ఒక్కొక్కటిగా. చేతులు పనిలో ఉన్నంతసేపూ ఆ మాట వెనక్కి తగ్గింది. అమ్మ గురించి ఆమెకి చెప్పి ఏడ్చింది కూడా అప్పుడే. ఇప్పటికీ మనసు బరువెక్కితే రొయ్యలో, చిక్కుడుకాయలో ముందేసుకుంటాను, పక్కన ఎవరో ఒకరు వాగుతుండాలి.

మీ నాన్న తీరు నా తీరుకి పూర్తిగా వేరు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నా, పరీక్ష పోయినా సైకిలేసుకుని పెన్న ఇసుకలోకి పోయి చీకటి పడే దాకా ఒక్కడే కూర్చునేవాడు. ఎవరైనా వెతుక్కుంటూ పోతే కోపం. తిరిగొచ్చేసరికి మామూలుగా అన్నం అడిగేవాడు. వాడిని నాలాగా పదిమందిలో కూర్చోబెడితే పిచ్చెక్కేది.

నువ్వు ఎవరి పోలికో నాకు తెలీదే. అందుకే వెళ్లొద్దనడం లేదు. ముందు ఒక ఆదివారం ఫోన్ కట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో ఉండి చూడు. సాయంత్రానికి తేలికపడ్డావా, ఒకే ఆలోచన గానుగెద్దులా తిరిగిందా, అది నాకు చెప్పు. కోర్సులో ఇబ్బందైతే గురువుతో మాట్లాడనిస్తారట, మొహమాటపడకు. ఈలోగా ఏ రాత్రైనా మరీ కష్టంగా ఉంటే నాకు చెయ్యి, ఎంత రాత్రైనా సరే. నాకు చెప్పలేనిదైతే 14416కి చెయ్యి. అది టెలిమానస్ అని, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను. వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

నాయనమ్మ ఫోన్ సంగతి ఇన్నేళ్లలో మీ నాన్నకి కూడా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

శనివారం పినాకిని రైలెక్కు, సాయంత్రానికి ఇక్కడుంటావు. రొయ్యలకి చెప్పి ఉంచాను, రెండు కిలోలు. పొడుగ్గా పెంచిన ఆ గోళ్లు కత్తిరించుకుని రా.

మీ అత్త