డాక్టర్ సలహా: కేసు సంగతి సరే, రెండో వృషణం మాటేమిటి?

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర పల్లె. మా అబ్బాయికి 13 ఏళ్లు. నెల క్రితం రాత్రి రెండు గంటలకు పొత్తికడుపులో నొప్పి, వాంతులు మొదలైతే ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేశాం. ఉదయం పది గంటలకు స్థానిక డాక్టరుకు చూపిస్తే గ్యాస్ నొప్పి అని సూది వేసి పంపారు. మర్నాడు వృషణం వాచింది. కర్నూలు తీసుకెళ్తే అది మెలితిరిగి చచ్చుబడిందని ఆపరేషన్ చేసి తీసేశారు. మొదటి డాక్టరు మీద నిర్లక్ష్యం కేసు వేయవచ్చా?

జవాబు: ఆ ఆపరేషన్‌లోనే రెండో వృషణాన్ని కదలకుండా కుట్టి నిలిపారో లేదో మీరు రాయలేదు. సంచిలో పట్టు సరిగా లేని వృషణమే ఇలా మెలితిరుగుతుంది. ఆ లోపం చాలామందిలో రెండు వైపులా ఉంటుంది కనుక, మిగిలినదానికీ అదే ప్రమాదం పొంచి ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ మాట ఉందేమో ఈరోజే చూడండి. లేకపోతే ఆపరేషన్ చేసిన సర్జన్‌ను ఆలస్యం లేకుండా కలవండి. ఆ ఒక్కటి ఆరోగ్యంగా ఉంటే ఎదుగుదలకు గానీ, రేపు పెళ్లికీ పిల్లలకూ గానీ సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఇక మీరు అడిగినది. పిల్లవాడిని స్వయంగా చూడకుండా, కాగితాలు చదవకుండా ఎవరిది తప్పో చెప్పడం నాకు తగదు. ఫలితం చెడినంత మాత్రాన నిర్లక్ష్యం కాదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ పరిస్థితిలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు చేయవలసినది చేశారా లేదా అన్నదే కొలత. వృషణం నొప్పి కడుపునొప్పిగా తెలియడం మామూలే, పైగా ఈ వయసు పిల్లలు సిగ్గుతో అసలు చోటు చెప్పరు. అందుకే కడుపునొప్పితో వచ్చిన మగపిల్లవాడి వృషణాలను కూడా పరీక్షించాలని మాకు నేర్పుతారు. మీ ఓపీ చీటీలో ఆ పరీక్ష ప్రస్తావన ఉందా అన్నది కీలకం. చికిత్స చేసినవారు రిజిస్టర్ అయిన డాక్టరేనా, ఆర్‌ఎంపీనా అన్నదీ తెలుసుకోండి. రికార్డులు కోరుతూ రాసి ఇస్తే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేందుకు గడువు సాధారణంగా రెండేళ్లు. మిగతాది న్యాయవాదిని అడగండి.

అయితే ఆ న్యాయవాది మిమ్మల్ని కూడా గంటల లెక్క అడుగుతారు. మెలితిరిగిన వృషణానికి రక్తం అందదు. ఆరు గంటలలోపు విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆపైన గంట గంటకూ అవకాశం సన్నగిల్లుతుంది, ఒక రోజు దాటితే దక్కడం అరుదు. డాక్టరు గుమ్మం ఎక్కేసరికే మీ ఇంట్లో ఎనిమిది గంటలు గడిచాయి. అప్పటికీ ఆశ పూర్తిగా పోలేదు కాబట్టి, ఆయన పరీక్షించారా అన్న ప్రశ్న అలాగే నిలుస్తుంది. కానీ ఆ ఎనిమిది గంటలను మీ ఫిర్యాదులో దాచవద్దు. నొప్పి మాత్ర నొప్పిని తగ్గించగలదే గాని మెలికను విప్పలేదు. నొప్పి తగ్గింది కదా అని తెల్లవారేదాకా ఆగే తల్లిదండ్రులను నేను తరచుగా చూస్తుంటాను, మందలించక తప్పడం లేదు.

ఇకపై మీ అబ్బాయికి గజ్జల్లో గానీ పొత్తికడుపులో గానీ హఠాత్తుగా నొప్పి వస్తే, అర్ధరాత్రయినా సరే, మాత్ర వేయకుండా, తిండీ నీళ్లూ పెట్టకుండా, 108కి ఫోన్ చేసి సర్జన్ ఉన్న ఆస్పత్రికి నేరుగా తీసుకెళ్లండి. ఒక వృషణం ఇప్పటికే తీసేశారన్న మాట అక్కడ అందరికన్నా ముందు చెప్పండి.