క్యాన్సర్ మీద రీసెర్చ్ చేయాలంటే డాక్టరే కావాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తాను. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనల్ ఇయర్. మెలనోమా కణాలు మందులు వేసినా చావకుండా ఎలా బతుకుతున్నాయో రీసెర్చ్ చేస్తానంటోంది. మేం బీఈడీ చేయమంటున్నాం. డాక్టర్ చదవకుండా క్యాన్సర్ మీద పని దొరుకుతుందా? ఖర్చు ఎంతవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: దొరుకుతుందండీ. క్యాన్సర్ కణం లోపల ఏం జరుగుతుందో చూసే ల్యాబుల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వాళ్లే ఎక్కువ.

అమ్మాయి పట్టుకున్న ప్రశ్న చాలా మంచిది. మెలనోమా చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుడుతుంది. ఆ కణాల్లో బీరాఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. బయటి నుంచి కబురు అందినప్పుడే అది కణాన్ని పెరగమంటుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు; అందులో 600వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చిందంటే, ఆన్‌లో ఇరుక్కుపోయిన బోరు మోటారు స్టార్టర్‌లా ఇక ఆగదు. చర్మ మెలనోమాల్లో దాదాపు సగంలో బీరాఫ్ మార్పులు ఉంటాయి. 2002లో ఈ సంగతి బయటపడింది. 2011లో వెమురాఫెనిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. చాలామందిలో గడ్డలు వేగంగా తగ్గాయి, కానీ కొన్ని నెలలకే మళ్లీ పెరిగాయి. బీరాఫ్‌ను మూసేస్తే కణాలు ఏకేటీ (కణాన్ని బతికించే ఇంకో ప్రోటీన్) లాంటి వేరే దారులు వెతుక్కున్నాయి. ఇప్పుడు బీరాఫ్ నుంచి కబురు అందుకునే మెక్ అనే ప్రోటీన్‌ను ఆపే మందు కూడా కలిపి ఇస్తున్నారు. అయినా సమస్య పూర్తిగా తీరలేదు కాబట్టి అమ్మాయికి చేయడానికి పని చాలానే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం పట్టు సడలించమనండి. మన దేశంలో మెలనోమా అరుదు. వచ్చినా అరికాళ్లలో, అరచేతుల్లో వచ్చే రకం ఎక్కువ, అందులో బీరాఫ్ మార్పు తక్కువ. అందుకని మెలనోమా ల్యాబ్‌లోనే చేరతానంటే అవకాశాలు బాగా తగ్గిపోతాయి. ఇదే బీరాఫ్ థైరాయిడ్, పెద్దపేగు క్యాన్సర్లలోనూ కనిపిస్తుంది. ఏ క్యాన్సరైనా సరే, సిగ్నలింగ్ (కణంలో కబుర్లు ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి అందే తీరు) మీద పనిచేసే ల్యాబ్ చూసుకోమనండి.

రోజువారీ పని ఎలా ఉంటుందో ఇప్పుడే తెలియాలి. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో కణాలను పెంచాలి, ఆదివారమైనా వెళ్లి మీడియం (కణాలకు ఆహారమిచ్చే ద్రవం) మార్చాలి. మందు వేసి, వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పట్టీలుగా చూపే పరీక్ష)లో ఫాస్ఫో-ఈఆర్‌కే (మెక్ కబురుతో చురుకైన ఈఆర్‌కే ప్రోటీన్) పట్టీ పలచబడిందో లేదో చూడాలి. పట్టీ సరిగ్గా రాకపోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇందులో ఓపికే ముఖ్యం. ర్యాంకు కంటే అదే నాకు పెద్ద అర్హతగా కనిపిస్తుంది.

ముందు ఎమ్మెస్సీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్, ఉస్మానియా, నల్లగొండ ఎంజీయూ, పాలమూరు యూనివర్సిటీలకు సీపీగెట్ రాయాలి. మూడూ రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. రెండేళ్ల తర్వాత అది 42,000 అవుతుంది. పరిశోధన సంస్థలు చూస్తే హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి, ముంబై దగ్గర క్యాన్సర్ పరిశోధనకు ఏసీటీఆర్‌ఈసీ ఉంది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఫెలోషిప్ ఉంటే మీ చేతి నుంచి పెద్దగా పెట్టాల్సింది ఉండదు.

బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు. కాబట్టి ఈ ఏడాది ఎంట్రన్స్‌ల మీదే కూర్చోనివ్వండి. బయోకెమిస్ట్రీ పుస్తకంలో సెల్ సిగ్నలింగ్ చాప్టర్ నుంచి మొదలుపెట్టమనండి.