వెండి నీళ్లు తాగితే ఇన్ఫెక్షన్లు రావా?

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు, బరువు 60 కిలోలు. గుంటూరులో ఉంటాం. తరచూ జలుబు, సైనస్ బాధ. థైరాయిడ్‌కు రోజూ మాత్ర వేసుకుంటాను. అమెరికాలో ఉండే మా అబ్బాయి మొన్న వచ్చినప్పుడు కొలాయిడల్ సిల్వర్ (అతి సన్నని వెండి కణాలు కలిసిన నీళ్లు) సీసా తెచ్చాడు. పరగడుపున ఒక చెంచా తాగితే ఇన్ఫెక్షన్లు దరిచేరవని అక్కడి స్నేహితులు చెప్పారట. రెండు వారాలుగా థైరాయిడ్ మాత్రతో పాటే తాగుతున్నాను. పిల్లలకు వెండి ఉగ్గుగిన్నెతో పాలు పట్టినవాళ్లం, వెండి మనకు కొత్తా అనుకున్నాను. బ్యాటరీ, వెండి తీగలతో ఇంట్లోనే తయారు చేసుకోవచ్చని ఒక వీడియోలో చూశాను. కొనసాగించవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ సీసాను ఈ రోజే పక్కన పెట్టేయండి. అలాగని కంగారు పడకండి. రెండు వారాలు చెంచా చొప్పున తాగినంత మాత్రాన ఒంటికి పెద్ద హాని జరిగి ఉండదు. మీ విషయంలో నాకున్న దిగులు థైరాయిడ్ మాత్ర గురించి. వెండి ఆ మందును పేగుల్లో సరిగా ఒంటికి పట్టనివ్వకపోవచ్చు. కొన్ని యాంటీబయాటిక్ మందుల విషయంలోనూ ఇంతే. ఇన్ఫెక్షన్ రాకూడదని వెండి తాగి, తీరా వచ్చినప్పుడు వేసుకున్న మందు పనిచేయకపోతే ఎంత నష్టమో చూడండి.

వెండికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్న మాట నిజం. 1880లలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే అనే వైద్యుడు అప్పుడే పుట్టిన పిల్లల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి, గనేరియా అనే సుఖవ్యాధి వల్ల వచ్చే అంధత్వాన్ని బాగా తగ్గించాడు. నేను హౌస్ సర్జన్‌గా చేసిన రోజుల్లో దీపావళి మర్నాడు కాలిన గాయాల వార్డు నిండిపోయేది. డబ్బాలోంచి తెల్లటి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమును చేత్తో తీసి, గాజుగుడ్డ మీద వెన్నలా పరిచి గాయాలకు వేసేవాళ్లం. ఇప్పుడు అంతకంటే త్వరగా మాన్పే డ్రెస్సింగులు వచ్చాయి, వాటిలోనూ కొన్నింట్లో వెండి ఉంటుంది. పిల్లల పిప్పిపళ్లకు దంతవైద్యులు పూసే ద్రావణంలోనూ ఉంది.

ఇవన్నీ గాయం మీదో, పంటి మీదో నేరుగా వేసేవి. వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) అక్కడున్న సూక్ష్మజీవి పొరను, దాని ఎంజైములను దెబ్బతీస్తాయి. మింగిన వెండికి ఆ అవకాశం ఉండదు. కడుపులోని క్లోరైడు, రక్తంలోని ప్రోటీన్లు దాన్ని పట్టేసుకుంటాయి. మీ సైనస్‌లోని వైరస్‌నో బ్యాక్టీరియానో చంపేంత మోతాదులో అది అక్కడికి చేరదు. పైగా వెండి మన శరీరానికి అవసరమైన ఖనిజం కాదు. ఇనుములా, జింకులా అది తగ్గితే వచ్చే జబ్బంటూ ఏదీ లేదు.

ఇక భద్రత. ఇక్కడ లెక్క నిజాయితీగా చెప్పాలి. సీసా మీద 10 పీపీఎం అని ఉంటే లీటరులో 10 మిల్లీగ్రాముల వెండి ఉన్నట్టు. 5 మిల్లీలీటర్ల చెంచాలో 50 మైక్రోగ్రాములు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టుకున్న పరిమితి రోజుకు కిలో బరువుకు 5 మైక్రోగ్రాములు, అంటే మీకు 300. ఆ చెంచా పరిమితి లోపలే ఉంది. అమ్మేవాళ్లు చూపించే లెక్క ఇదే. కానీ 500 పీపీఎం సీసాలు కూడా దొరుకుతాయి. వాటిలో ఒక్క చెంచాకే 2,500 మైక్రోగ్రాములు. ఇంట్లో బ్యాటరీతో చేసుకున్న నీళ్లలో ఎంత ఉందో కొలిచేదెవరు? దయచేసి ఆ ప్రయత్నం చేయకండి.

ఏళ్ల తరబడి పేరుకున్న వెండి చర్మంలో స్థిరపడి, వెలుతురు తగిలి నల్లబడుతుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఫిల్ములో జరిగినట్టే. చర్మం నీలం కలిసిన బూడిద రంగుకు తిరుగుతుంది. దీన్నే ఆర్జీరియా అంటారు. వెండి తాగడం మానేసినా ఆ రంగు పోదు. కొందరికి లేజర్‌తో కొంత తగ్గింది, అంతే. 2002లో అమెరికాలోని మోంటానా నుంచి సెనేట్‌కు పోటీ చేసిన స్టాన్ జోన్స్‌కు ఇలాగే జరిగింది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయించి యాంటీబయాటిక్‌లు దొరకవేమోనని భయపడి, ఆయన ముందుగానే ఇంట్లో వెండి నీళ్లు చేసుకుని తాగడం మొదలుపెట్టారు.

'రంగు మారేది వెండి లవణాలతోనే, మాది స్వచ్ఛమైన కొలాయిడ్' అని కొందరు వాదిస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. కడుపులోని ఆమ్లానికి ఆ కణాల్లో కొంత భాగం అయాన్లుగా మారుతుంది. ఆ తర్వాత ఏది ఎలా వచ్చిందో చర్మం తేడా చూడదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే, కొలాయిడల్ సిల్వర్ ఉన్న మందులను సురక్షితమైనవిగా, పనిచేసేవిగా గుర్తించలేమని తేల్చింది. అయినా సీసాలు దొరుకుతున్నాయంటే, ఆహార సప్లిమెంట్ పేరుతో అమ్మేదానికి అక్కడ ముందుగా రుజువు చూపనక్కర్లేదు కాబట్టే. 2020లో దీన్ని కోవిడ్ మందుగా ప్రచారం చేసిన సంస్థలకు అదే ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపింది.

ఉగ్గుగిన్నె గురించి అడిగారు. వెండి గిన్నె నుంచి పాలలోకి దిగే వెండి అత్యల్పం. మీ మనవలకు నిరభ్యంతరంగా వాడుకోండి.

ఇప్పుడు చేయాల్సింది: థైరాయిడ్ మాత్ర పరగడుపున మామూలు నీళ్లతో మాత్రమే వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ, టిఫిన్ తీసుకోండి. ఆరు వారాలయ్యాక థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. సైనస్‌కు కాచి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మేలు చేస్తుంది. ఆ వెండి నీళ్లను మాత్రం ముక్కులో వేసుకోకండి. తరచూ వస్తోందంటే ఎలర్జీ ఉందో, లోపల పాలిప్స్ (మెత్తటి కండ పెరుగుదలలు) ఉన్నాయో ఈఎన్‌టీ వైద్యులు చూడాలి.

మరొక్క మాట. మీ అబ్బాయి ప్రేమతోనే తెచ్చాడు, కోప్పడకండి. కానీ తనూ తాగుతున్నాడేమో ఈ రాత్రే ఫోను చేసి అడగండి. నెలల తరబడి తాగుతుంటే మానేయమనండి. గోళ్ల మొదట్లో ఉండే అర్ధచంద్రాకారపు తెల్లటి భాగం, పళ్ల చిగుళ్లు నీలంగా మారాయేమో పగటి వెలుతురులో చూసుకోమని చెప్పండి.