కయాక్ యాత్రకు విశాఖ నుంచి ఏమి తెచ్చుకోవాలి?

సీతమ్మధార నుంచి రాసిన అమ్మాయికి ఈమధ్యే వీసా వచ్చింది. జూన్‌లో వాంకూవర్‌లో ఉన్న భర్త దగ్గరికి వెళుతోంది. ఆగస్టులో ఆయన ఆఫీసు మిత్రులతో కలిసి జాన్‌స్టన్ జలసంధిలో నాలుగు రోజుల కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) యాత్రట. పగలంతా తెడ్డు వేయడం, రాత్రికి ఒడ్డున గుడారాల్లో పడుకోవడం. గైడ్లు ఉంటారు, అడ్వాన్సు కట్టేశారు. “నేను ఎప్పుడూ తెడ్డు పట్టుకోలేదు. ఇక్కడి నుంచి ఏమేమి తెచ్చుకోవాలి? సముద్రం పక్కనే పుట్టి పెరిగాను కాబట్టి నీళ్లంటే మాత్రం భయం లేదు” అని అడుగుతోంది.

ఆ చివరి మాట సంగతి ముందు చూద్దాం తల్లీ. నేనూ మహారాణిపేట అమ్మాయినే, కెనడా వచ్చిన కొత్తలో నేనూ ఇదే మాట అన్నాను. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటి వెళ్లిన ఆడపిల్ల మా వీధిలో ఒక్కతీ లేదు. పెద్దవాళ్లు వెళ్లనివ్వకపోవడమూ న్యాయమే, అక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయి. మనకు బాగా తెలిసినవి సముద్రపు గాలి, మురీ మిక్చర్. సముద్రం తెలిసినవాళ్లు జాలరిపేటలో ఉన్నారు. భయం లేదని వాళ్ల దగ్గర అని చూడు, ఏమంటారో!

వేసవిలో విశాఖ తీరంలో నీళ్లు 28, 29 డిగ్రీలుంటాయి. జాన్‌స్టన్ జలసంధి వాంకూవర్ దీవికి ఈశాన్యంగా ఉన్న ఇరుకు దారి. ఆటుపోట్ల ప్రవాహం అడుగున ఉన్న చల్లని నీటిని ఎప్పటికప్పుడు పైకి కలిపేస్తుంది కాబట్టి ఆగస్టులో కూడా నీళ్లు 10 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందులో పడితే ముందు ఊపిరి ఆడదు. చన్నీటి ప్రమాదాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క ఒకటుంది. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మన మాట వినేది సుమారు 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. బెదిరిపోకు. ఇద్దరు కూర్చునే కయాక్ వెడల్పుగా, నిలకడగా ఉంటుంది, అది తిరగబడటం అరుదు. గైడ్లు దగ్గరలోనే ఉంటారు. లైఫ్ జాకెట్ ఎలాగూ వేసుకుంటారు కాబట్టి ఈత రానివాళ్లనూ చాలా కంపెనీలు తీసుకెళతాయి.

అయినా ఆ మొదటి నిమిషం కోసం నువ్వు విశాఖలోనే సిద్ధం కావాలి. బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది కదా, వెళ్లి చేరు. ఈత పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు. ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం, ముక్కులోకి నీరు పోతే కంగారు పడకుండా నిలబడి దగ్గి మళ్లీ తల ముంచడం, ఇంతవరకు వస్తే చాలు. యాత్ర మొదటి ఉదయం గైడ్లు ఒడ్డునే కూర్చోబెట్టి, కయాక్‌లోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ కట్టే స్ప్రే స్కర్ట్ పట్టీని ముందుకు లాగి బయటికి ఎలా రావాలో చూపిస్తారు. నీళ్లలో తల పెట్టడం అలవాటున్న మనిషికి అది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. వాంకూవర్‌లో ఒకరిని పెట్టుకుని ఈత నేర్చుకోవాలంటే గంటకు ఎంత తీసుకుంటారో మీ ఆయనను కనుక్కోమను. అది వింటే రేపే బీచ్ రోడ్డుకు బయలుదేరతావు.

ఇంట్లో చేయవలసిన పని ఇంకొకటి ఉంది. రోజూ సాయంత్రం గోడకు వీపు ఆనించి, కాళ్లు ముందుకు చాపి అరగంట కూర్చో. మనకు బాసింపట్టు వేసుకుని కూర్చోవడం వచ్చు గానీ కాళ్లు చాపి గంటలు గంటలు కూర్చోవడం రాదు, తొడల వెనక నరాలు లాగేస్తాయి. సింహాచలం మెట్లు ఎక్కినా మంచిదే, పుణ్యం కూడా వస్తుంది. కయాక్‌కు కావలసింది మాత్రం నడుము. తెడ్డును చేతులతో లాగితే మధ్యాహ్నానికి భుజాలు పడిపోతాయి, నడుము తిప్పుతూ వేయాలి.

ఇక డబ్బు. నువ్వు అడగలేదు, కొత్తగా పెళ్లయినవాళ్లు అడగరు కూడా. వెబ్‌సైట్‌లో కనిపించిన ధర చూసి మీ ఆయన అడ్వాన్సు కట్టి ఉంటాడు. ఇలాంటి యాత్రలు మనిషికి వెయ్యి డాలర్లు ఎప్పుడో దాటిపోయాయి, ఆ అంకె మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది. అవును, ఆ పేరు అక్కడా వదలదు. వాంకూవర్ పక్కనున్న హార్స్‌షూ బే నుంచి వాంకూవర్ దీవిలోని నానైమోకు కారుతో సహా ఫెర్రీ, గంటా నలభై నిమిషాలు. అక్కడి నుంచి, కయాక్ యాత్రలు బయలుదేరే టెలిగ్రాఫ్ కోవ్ వైపు దాదాపు నాలుగు గంటల రోడ్డు. యాత్ర పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి ముందురోజు రాత్రి ఎక్కడో ఒకచోట బస చేయాలి. ఆగస్టులో అక్కడ గదులు దొరకడమే కష్టం, దొరికినా ధర మండిపోతుంది. ఈ ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసి కింద గీత గీసి కూడి చూసుకోండి. కానీ దాన్ని రూపాయల్లోకి మార్చకండి.

నేను మార్చాను. వచ్చిన మొదటి వేసవిలో ప్రతి డాలరునూ రూపాయలు చేసి గుండె పట్టుకునేదాన్ని, ఆ లెక్కలతోనే నా మొదటి యాత్రను నానా తంటాలూ చేసుకున్నాను. కంపెనీవాళ్లు స్లీపింగ్ బ్యాగు అద్దెకిస్తామన్నారు. మూడు రాత్రులకు అద్దె అంతా? ఆ డబ్బుకు కొత్తది వస్తుంది కదా అని తక్కువ ధరలో ఒకటి కొన్నాను. దాని సంచి మీద పెద్ద అక్షరాలతో సున్నా డిగ్రీలని ఉంది. రాత్రి ఉష్ణోగ్రత 10 కంటే తగ్గదంటున్నారు, ఇంకేం, కావలసినంత అనుకున్నాను. అలాంటి సంచుల మీద రెండు అంకెలుంటాయని అప్పుడు నాకు తెలియదు. చిన్న అక్షరాల్లో ఉండేది హాయిగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. పెద్ద అక్షరాల్లో చాలాసార్లు ఉండేది ఇంకో అంకె, ముడుచుకుని ఎలాగో తెల్లవార్చగలిగే హద్దు. ఆడవాళ్లు మొదటిదే చూసుకోవాలి.

గుడారం సంగతి ఇంకా ఘోరం. తగ్గింపు ధర అని నలుగురు పట్టే గుడారం కొన్నాం. పక్కమీద పరుచుకునే రబ్బరు చాపలు, మడత కుర్చీ ఒకటి, అన్నీ కొన్నాం. తీరా రేవు దగ్గర గైడ్ అమ్మాయి మా సామాను చూసి నవ్వు ఆపుకుంటూ, గుడారాలు మేమే ఇస్తాం కదా, పంపిన జాబితా చూడలేదా అంది. జాబితా చూశాం, ధరలున్న పేజీ మాత్రమే చూశాం. చూసి ఉన్నా మా గుడారం కయాక్‌లోకి ఎక్కేది కాదు. కయాక్ ముందూ వెనకా సామాను పెట్టే అరల మూతలు మన భోజనం కంచమంత ఉంటాయి, అందులో దూరేదే నీతో వస్తుంది. గుడారమూ కుర్చీ నాలుగు రోజులూ వాళ్ల వ్యానులో హాయిగా పడుకున్నాయి. వాపసు ఇద్దామని వెళితే రసీదు లేదన్నారు. ఆ గుడారం ఇప్పటికీ మా గ్యారేజీలో ఉంది, మావారికి కోపం వచ్చినప్పుడల్లా దాన్ని చూపిస్తారు.

మొదటి రాత్రి వాన పడింది. నేను వేసుకున్నది జగదాంబ దగ్గర కొన్న నూలు చుడీదారు, దాని మీద నూలు స్వెట్‌షర్టు. నూలు తడిస్తే ఆరదు, ఆరేదాకా ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఆ స్లీపింగ్ బ్యాగులో ముడుచుకుని పళ్లు టకటకలాడించుకుంటూ, అద్దె ఎంత మిగిలిందో లెక్క వేసుకున్నాను. తెల్లవారాక గైడ్ అమ్మాయి తన ఉన్ని బనియను ఇచ్చింది. అప్పటి నుంచి నా సూత్రం ఒకటే, ఒంటికి తగిలేదీ ఒంటిని వెచ్చగా ఉంచేదీ తప్ప ఇంకేదీ కొనను. మిగతావన్నీ అద్దెకో అరువుకో దొరుకుతాయి. ఆ సూత్రంతోనే ఇన్నేళ్లుగా ఇద్దరు పిల్లలను కూడా ఆ నీళ్ల మీద తిప్పాను, మాతో వచ్చే కెనడావాళ్ల కంటే తక్కువ ఖర్చుతో.

కాబట్టి విశాఖ నుంచి తెచ్చుకోవలసినవి ఇవి. పాలిస్టర్ టీషర్టులు, లెగ్గింగులు మూడేసి జతలు, క్రీడా దుస్తుల దుకాణంలో దొరికేవి చాలు, బ్రాండు అక్కర్లేదు. పూర్ణా మార్కెట్‌లో మందపాటి పాలిథిన్ కవర్లు, తాడు. వాంతుల మాత్రలు, నీ రోజువారీ మందులు, చీటీతో సహా. ఉన్ని స్వెటర్లు మాత్రం అక్కడ కొనకు. మన ఊళ్లో ఉన్ని పేరుతో అమ్మేవాటిలో చాలావరకు అక్రిలిక్. వాంకూవర్‌లో వాల్యూ విలేజ్ లాంటి పాత బట్టల దుకాణాల్లో అసలైన ఉన్నివి, ఫ్లీస్‌వి తక్కువకు వస్తాయి. ఒకరు వాడినవి వేసుకోవడమా అని మీ అమ్మగారు ముఖం చిట్లిస్తారు, చెప్పకు. వాన కోటు మాత్రం మంచిది కొనుక్కో, అక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడకు.

సర్దడం గురించి రెండు మాటలు. డ్రై బ్యాగు, అంటే నీళ్లు దూరని సంచి, పెద్దది ఒకటి కంటే 10 లీటర్లవి, 5 లీటర్లవి సన్నగా ఉండేవి నాలుగైదు మేలు. బట్టలు పెట్టాక దాని మీద మోకాలు ఆనించి గాలి అంతా పోయేదాకా నొక్కు, మూతి అంచులు సమానంగా పట్టుకుని కనీసం మూడు చుట్లు చుట్టి అప్పుడు బిగించు. ఒకటే చుట్టు చుడితే నీళ్లు దూరతాయి. స్లీపింగ్ బ్యాగును ముందు పాలిథిన్ కవరులో పెట్టి, ఆ తరువాతే డ్రై బ్యాగులో పెట్టాలి.

కొత్త పెళ్లికూతురివి కాబట్టి బంగారం సంగతి కచ్చితంగా చెప్పాలి. చన్నీళ్లలో వేళ్లు సన్నబడతాయి, ఉంగరం వదులవుతుంది. మా అత్తగారు పెట్టిన ఉంగరం ఆ జలసంధిలోనే ఉంది. కయాక్‌ను ఒడ్డుకు లాగుతూ నీళ్లలో చెయ్యి పెట్టాను, తీసేసరికి వేలు ఖాళీ. ఎప్పుడు జారిందో కూడా తెలియలేదు. ఆ ఉంగరం ఇప్పటి ధర చెప్పి నీ మనసు పాడుచేయను. గాజులు, గొలుసు, ఉంగరాలు ఇంట్లో పెట్టి వెళ్లు. మంగళసూత్రం పసుపు తాడు మీద ఉంటే అది ఉప్పునీటికి తడిసి, లైఫ్ జాకెట్ కింద రోజంతా రాసుకుని మెడ పుండవుతుంది. ఏం చేయాలో మీ అత్తగారితో ముందే మాట్లాడి తేల్చుకో.

తిండి గైడ్లే వండుతారు. శాకాహారం అయితే ఫారంలో స్పష్టంగా రాయాలి, చేపలు తినం, గుడ్లు తినం అని విడివిడిగా. రాయకపోతే శాకాహారి అంటే సాల్మన్ చేప తింటారనుకునేవాళ్లు ఉన్నారు. ఆవకాయ తీసుకెళ్లు, గాజు సీసాలో మాత్రం వద్దు. అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి, కాబట్టి వాసన వచ్చేదేదీ, పళ్ల పేస్టు, కొబ్బరినూనెతో సహా, రాత్రి గుడారంలో ఉంచకూడదు. గైడ్లు చూపించిన చోట పెట్టాలి. చిన్న ప్లాస్టిక్ చెంబు కూడా పట్టుకెళ్లు, ఎందుకో నీకు తెలుసు.

ఓర్కా తిమింగలాలు కనిపిస్తాయని మీ ఆయన ఆశపెట్టి ఉంటాడు. సాల్మన్ చేపల కోసం అవి వేసవిలో అటు వస్తాయి, నిజమే. కానీ వాటి కోసం 1982లో కేటాయించిన రాబ్సన్ బైట్ రక్షిత ప్రాంతంలోకి పడవలు వెళ్లకూడదు, బయట ఉన్నప్పుడూ ఎంత దూరం పాటించాలన్నది గైడ్లు చూసుకుంటారు. కనిపించకపోతే డబ్బు వెనక్కి రాదు. వేసవి మధ్యాహ్నాల్లో వాయవ్యపు గాలి బలంగా లేస్తుంది. గాలి ఎక్కువైతే రోజంతా ఒడ్డునే కూర్చోబెడతారు, దానికీ డబ్బు రాదు. గొడవ పడకండి, ఆ ఒడ్డున కూర్చోబెట్టే తెలివి కోసమే గైడ్లకు డబ్బు కట్టారు. తిరుగు ఫెర్రీని ఒక రోజు ఎడం పెట్టి బుక్ చేసుకోండి. చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదని సీతమ్మధారలో ముందే చెప్పు, లేకపోతే మూడో రోజుకు మీ నాన్నగారు రాయబార కార్యాలయానికి ఫోను చేస్తారు.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ఎవరూ చెప్పనిది. బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వ వైద్య బీమాకు నువ్వు దిగిన నెల మిగిలిన రోజులూ ఆ తరువాత రెండు నెలలూ ఆగాలి. జూన్‌లో దిగితే సెప్టెంబరు 1 నుంచి. యాత్ర ఆగస్టులో! ఆ మధ్యలో చెయ్యి విరిగితే ఆసుపత్రి బిల్లు మీదే. అర్హతలు, దరఖాస్తు సంగతి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూసుకోండి. ఆ రెండు మూడు నెలలకు ప్రైవేటు బీమా తీసుకోండి, అందులో సముద్రపు కయాకింగ్ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. సాహస క్రీడలని తీసేసేవాళ్లు ఉన్నారు.

చివరి రోజు గైడ్లకు టిప్పు ఇవ్వాలి. తప్పనిసరి కాదని మీ ఆయన అంటాడు, మనవాళ్లందరూ అదే అంటారు, నలుగురూ ఇస్తుంటే తల దించుకుని బూట్ల తాళ్లు కట్టుకుంటారు. పదో పదిహేనో శాతం ముందే లెక్కలో వేసుకోండి. అందరూ తలాకొంత ఒక కవరులో వేస్తారు. రేవు దగ్గర ఏటీఎం కోసం వెతుక్కోకుండా చిన్న నోట్లు వాంకూవర్‌లోనే తీసుకుని, పాలిథిన్ కవరులో చుట్టి పెట్టుకోండి.